కొండ లేని అగ్నిపర్వతం



కృష్ణ మహాబలేశ్వరంలో పుట్టింది. గోదావరి త్ర్యంబకంలో, బ్రహ్మగిరి మీద పుట్టింది. ఇది మనం బడిలోనే నేర్చుకున్నాం. ఆ రెండు కొండలూ ఏ రాతితో కట్టినవో మాత్రం మనకు ఎవరూ చెప్పలేదు. రెండూ లావా గడ్డకట్టి ఏర్పడ్డవే. మన వరిచేలకు నీళ్ళిచ్చే రెండు పెద్ద నదులూ ఒకప్పుడు నిప్పుగా పారిన నేల మీద పుడుతున్నాయి. అక్కడినుంచి తూర్పుకు, మన వైపుకు వస్తున్నాయి. అవి ఇటువైపే రావడానికి కారణం కూడా ఆ నేలే. ఆ లావా పీఠభూమికి పడమటి అంచు ఎత్తు, తూర్పు పల్లం. అరేబియా సముద్రం కనుచూపు మేరలో ఉన్నా కృష్ణమ్మ దాన్ని వదిలిపెట్టి బంగాళాఖాతం దాకా నడిచి వస్తుంది.

మహాబలేశ్వరంలో నిలబడి అగ్నిపర్వతం ఏదీ అని వెతికితే దొరకదు. అగ్నిపర్వతం అంటే మనకు తెలిసిన బొమ్మ ఒకటే. కోసుగా లేచిన కొండ, శిఖరాన నోరు, అందులోంచి పొగ, నిప్పు. ఫుజీ అలాంటిదే, వెసూవియస్ అలాంటిదే. కానీ దక్కనులో లావా శిఖరం నుంచి దిగలేదు. నేల పొడవునా చీలింది, ఆ చీలికల్లోంచి పొంగి నలుదిక్కులా పరుచుకుంది. ఇది జరిగి దాదాపు 6.6 కోట్ల ఏళ్ళయింది. ఈనాటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆ రాయి మిగిలి ఉంది. మహారాష్ట్రలో చాలా భాగం, మధ్యప్రదేశ్, గుజరాత్, ఉత్తర కర్ణాటకల్లో కొంత, తెలంగాణ పడమటి, ఉత్తర అంచులు దాని కిందికే వస్తాయి. మొదట్లో అది ఇంతకు రెండు మూడింతలు ఉండేదని శాస్త్రజ్ఞుల అంచనా.

నేల చీలి లావా పొంగడం మనుషులు కళ్ళారా చూసిన సంగతే. 1783 జూన్‌లో ఐస్‌లాండ్‌లో లాకీ అనే చోట నేల 27 కిలోమీటర్ల పొడవున బారుగా చీలింది. ఎనిమిది నెలలపాటు లావా పారింది. బయటికి వచ్చింది 14, 15 ఘన కిలోమీటర్లు. దాంతోపాటు వచ్చిన విషవాయువులకు గడ్డి మాడింది, పశువుల్లో సగానికి పైగా చచ్చాయి, ఆ తర్వాత వచ్చిన కరువులో ఆ దేశపు జనంలో అయిదో వంతు పోయారు. దక్కనులో కొన్ని పొరలైతే ఒక్కొక్కటే వెయ్యి ఘన కిలోమీటర్లకు మించినవి. అలాంటి పొర మీద పొర, మధ్యలో వేల ఏళ్ళ విరామాలతో పేరుకుంది. అదే కాలంలో డైనోసార్లు అంతరించాయి. మెక్సికోలో పడిన గ్రహశకలం ఎంత కారణం, ఈ లావాతో వచ్చిన వాయువులు ఎంత కారణం అన్న వాదన ఇంకా తెగలేదు.

ఈ పొరల వల్లే అక్కడి కొండలకు ఆ రూపం వచ్చింది. ఒక్కో లావా పొర పై భాగంలో వాయువులు బుడగలుగా చిక్కుకుపోతాయి. అందుకని అక్కడ రాయి తొర్రలు తొర్రలుగా, మెత్తగా ఉంటుంది. నడిమి భాగం మాత్రం గట్టిగా, నిండుగా ఉంటుంది. రెండు పొరల నడుమ ఎర్రమట్టి కనిపిస్తుంది. మొదటి లావా చల్లారాక వానలకు నాని మట్టిగా మారింది. తర్వాత వచ్చిన లావా వేడికి ఆ మట్టి మాడి ఎర్రబడింది. కోట్ల ఏళ్ళ వానలకు మెత్తని భాగం త్వరగా అరిగి వెనక్కి జరిగింది, గట్టి భాగం నిట్టనిలువుగా మిగిలింది. అందుకే సహ్యాద్రి కొండలు మెట్లు మెట్లుగా ఉంటాయి, నెత్తి బల్లపరుపుగా ఉంటుంది. మరాఠా కోటలు చాలావాటికి సగం గోడ ఈ సహజమైన రాతి అంచే. అజంతా, ఎల్లోరా గుహాలయాలు తొలిచింది కూడా ఈ పొరలనే. ఇక లావా నెమ్మదిగా చల్లారిన చోట రాయి కుంచించుకుని పగిలి, పలకలు దేరిన స్తంభాల్లా నిలుస్తుంది. ముంబయి అంధేరీలో ఇళ్ళ మధ్య ఉన్న గిల్బర్ట్ కొండ అలాంటి స్తంభాల గుంపే. దాని ఎత్తు దాదాపు 60 మీటర్లు.

ఇక్కడే ఒక పొరపాటు అభిప్రాయం గురించి చెప్పాలి. బుల్ఢాణా జిల్లాలోని లోణార్ సరస్సును చూసి చాలామంది అదే ఈ లావా అంతా కక్కిన నోరు అనుకుంటారు. గుండ్రంగా, లోతుగా, అంచు లేచి ఉంటుంది మరి. కానీ అది ఆకాశం నుంచి పడిన ఉల్క తవ్విన గుంట. లావా గడ్డకట్టిన ఎంతో కాలానికి పడింది.

మన వైపుకు వద్దాం. హైదరాబాద్ నుంచి వికారాబాద్ వెళ్ళే దారిలో బండరాళ్ళ గుట్టలు ఒకచోట ఆగిపోతాయి. ఆ తర్వాత చేలు నల్లబడతాయి. అక్కడినుంచి లావా నేల మొదలు. వానొస్తే కాలు దిగబడే, ఎండొస్తే నెర్రెలు విచ్చే నల్లరేగడి ఈ లావా గడ్డకట్టిన బసాల్ట్ అనే రాయి కుళ్ళి తయారైన మట్టే. నీటిని పీల్చుకుని ఉబ్బి, ఆరగానే ముడుచుకునే బంకమన్ను అందులో ఎక్కువ. ఆ మట్టి తేమను పట్టి ఉంచుతుంది కాబట్టే ఆదిలాబాద్‌లో పత్తి, తాండూరులో కంది అంత బాగా పండుతాయి. వికారాబాద్ దగ్గరి అనంతగిరి మీదా, జహీరాబాద్ చుట్టుపక్కలా అయితే ఇంకో మార్పు జరిగింది. వానలు బసాల్ట్‌లోని సారమంతా కడిగేయగా ఇనుము, అల్యూమినియం మిగిలి ఎర్రని తొర్రల లాటరైట్ రాయి గట్టిపడింది. బీదర్ కోట కట్టింది ఆ ఎర్రరాతి పీఠభూమి అంచునే. మూసీ నది పుట్టింది కూడా ఈ అనంతగిరి కొండల్లోనే.

తూర్పుకు వచ్చేకొద్దీ ఈ లావా పలచబడుతుంది. పడమటి కనుమల్లో పొరలన్నీ కలిపి 2 కిలోమీటర్ల మందం దాకా పోతాయి. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారి భూకంపం వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు అక్కడ లోతైన బోరు వేసి చూశారు. సుమారు 340 మీటర్ల దాకా లావా పొరలే వచ్చాయి. వాటి కింద పలచని మట్టి పొర, ఆ కింద మనకు తెలిసిన పాత రాతినేల. అంటే లావా రాకముందు వానలో తడిసి, వాగులు పారి, చెట్లు మొలిచిన నేల అలాగే కప్పబడిపోయి ఉంది. మహారాష్ట్ర కింద పాత కొండలూ లోయలూ ఉన్న మరో దేశం ఉంది.

ఇప్పుడు నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన చోటికి వస్తున్నాను. రాజమహేంద్రవరం పక్కన కాతేరు, గోదావరి అవతల కొవ్వూరు వైపు పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం, దేవరపల్లి. గోదావరి జిల్లాల్లో ఇల్లు కట్టినవారికి, రోడ్డు వేసినవారికి ఈ పేర్లు బాగా తెలుసు. నల్ల కంకర ఇక్కడినుంచే వస్తుంది. ఆ కంకర రాయి కూడా లావాయే. దక్కను లావా కనిపించే చివరి చోటికీ ఇక్కడికీ మధ్య 300 కిలోమీటర్లకు పైగా ఎక్కడా ఆ రాయి కనబడదు. అందుకని ఇది స్థానికంగా విడిగా పొంగిన లావా అని చాలాకాలం అనుకున్నారు. తర్వాత రసాయన పరీక్షలు చేశారు, రాతిలో నిలిచిపోయిన అయస్కాంత దిశను కొలిచారు. రెండూ మహాబలేశ్వరం పొరలతో సరిపోయాయి. పడమటి కనుమల దగ్గర బయటపడ్డ లావా అప్పటి నదీలోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడ సముద్రంలో కలిసిందని ఇప్పుడు చాలామంది భూగర్భ శాస్త్రజ్ఞుల అభిప్రాయం. భూమ్మీద ఇంత దూరం పారిన లావా మరొకటి తెలియదు.

అంత దూరం చల్లారకుండా ఎలా వచ్చింది? కాగిన పాల మీద మీగడ కట్టాక కింది పాలు చాలాసేపు వేడిగా ఉంటాయి చూడండి, ఇదీ అంతే. పైన గట్టిపడిన పెచ్చు లోపలి వేడిని పోనివ్వదు. వెనకనుంచి వచ్చే లావా ఆ పెచ్చు కిందే దారి చేసుకుని ముందుకు పోతుంది, పెచ్చును పైకెత్తుతూ పోతుంది. పరుగెత్తనక్కర్లేదు. ఏళ్ళ తరబడి మెల్లగా పారినా చాలు.

పంగిడి, దుద్దుకూరు క్వారీల్లో రెండు లావా పొరల మధ్య ఒక సున్నపురాతి పొర ఉంది. అందులో గవ్వలు, నత్తగుల్లలు, కంటికి కనిపించని సూక్ష్మజీవుల గుల్లలు ఉన్నాయి. కింది లావా చల్లారాక దాని మీదికి సముద్రపు నీరు వచ్చింది. జీవులు చేరాయి, బతికాయి, చచ్చి పేరుకున్నాయి. ఆపైన మళ్ళీ లావా కప్పేసింది. ఆ సూక్ష్మజీవుల జాతులు డైనోసార్ల వినాశనం జరిగిన వెంటనే భూమ్మీద తలెత్తినవి. కింది లావా గట్టిపడేటప్పుడు భూమి అయస్కాంత ధ్రువాలు తిరగబడి ఉన్నాయి. పై లావా వచ్చేసరికి ఇప్పటిలాగే ఉన్నాయి. అంటే ఒక మహావినాశనం తర్వాత సముద్రజీవం మళ్ళీ ఎలా కుదురుకుందో చెప్పే సాక్ష్యం, గోదావరి ఒడ్డున, కంకర క్వారీ గోడలో ఉంది. ఈ పొరల మీద ప్రపంచస్థాయి పరిశోధనలు వచ్చాయి. మన పిల్లల పాఠాల్లో మాత్రం ఈ పేర్లు వినిపించవు. రోడ్లకు కంకర కావాల్సిందే, కాదనను. కానీ క్రషర్లు రాత్రింబవళ్ళు నడుస్తున్న ఆ ప్రాంతంలో, రెండు లావా పొరలూ మధ్యన ఆ తెల్లరాయీ కలిసి కనిపించే క్వారీ గోడ ఒక్కదానినైనా కంచె వేసి నిలపాలి. పక్కన తెలుగులో ఒక బోర్డు పెట్టాలి. అది పిండి అయిపోయాక మళ్ళీ తెచ్చుకోవడం మన చేతుల్లో లేదు.

ఆ లావా రాజమహేంద్రవరం దగ్గర ఆగలేదు. కోనసీమ కింద, గోదావరి తెచ్చిన మట్టి కింద ఇంకా ముందుకు పోయింది. చమురు కోసం వేసిన బావుల్లో లోతున ఆ రాయి తగిలింది. రాజోలు పేరు మీద దానికి రాజోలు ఫార్మేషన్ అని పేరు పెట్టారు. కొబ్బరితోటల కింద ఎంతో లోతున లావా ఉందంటే నమ్మబుద్ధి కాదు గానీ, బావి తవ్వకం పైకి తెచ్చిన రాయి చెబుతున్న సంగతి అది.

లావా కంటే దూరం పోయేది బూడిద. సుమత్రా దీవిలో టోబా అనే సరస్సు ఉంది. దాదాపు 100 కిలోమీటర్ల పొడవు, 30 కిలోమీటర్ల వెడల్పు. సుమారు 74 వేల ఏళ్ళ క్రితం అక్కడి అగ్నిపర్వతం పేలి, కింద కరిగిన రాయి, అంటే మాగ్మా, ఖాళీ అయిన అర మీద నేల కూలబడగా ఏర్పడిన గుంట అది. ఆ బూడిద బంగాళాఖాతం దాటి వచ్చి ఈనాటి నంద్యాల జిల్లా జ్వాలాపురం దగ్గర జుర్రేరు లోయలో పడింది. వాన, వాగు కలిసి పల్లానికి చేర్చడంతో అక్కడ బూడిద పొర మనిషి ఎత్తును మించి పేరుకుంది. దాన్ని తవ్వి అమ్మేవారు కూడా. 2007లో అచ్చయిన ఒక పరిశోధన ఆ పొరకు కిందా పైనా ఆదిమానవుల రాతి పనిముట్లు ఉన్నాయని, రెండింటి తీరూ చాలావరకు ఒకటేనని చెప్పింది. ఆకాశం మూసుకుపోయిన ఆ విపత్తును ఇక్కడి మనుషులు దాటి బతికారని దాని భావం.

మన దేశంలో ఇప్పటికీ రగులుతున్న అగ్నిపర్వతం ఒక్కటే. అండమాన్ దీవుల్లోని బారెన్ ఐలాండ్. పోర్ట్‌బ్లెయిర్‌లో స్థిరపడిన మన తెలుగువాళ్ళకు ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉంది. చాలాకాలం నిద్రపోయి 1991లో మళ్ళీ లేచింది. 2005లోనూ, 2017లోనూ నిప్పు కక్కింది. సముద్రం పైన కనిపించేది 350 మీటర్ల చిన్న కొండ. నీటి కింద అదే కొండ ఇంకా 2 కిలోమీటర్లు దిగి సముద్రపు అడుగును తాకుతుంది.  అసలు భూమ్మీద అగ్నిపర్వతాల పని ఎక్కువగా జరిగేది సముద్రాల అడుగునే. అక్కడ సుమారు 65 వేల కిలోమీటర్ల పొడవున సాగే పర్వతశ్రేణి వెంట నేల చీలుతూ, లావా పొంగి ఆ చీలికను పూడుస్తూ, కొత్త సముద్రపు అడుగు నిత్యం తయారవుతూ ఉంటుంది.

ఇదంతా బయటపడ్డ మాగ్మా సంగతి. బయటికి రాలేక నేల లోపలే చల్లారిపోయేది దీనికంటే చాలా ఎక్కువ. హైదరాబాద్ బండలు అలాంటివే. దాదాపు 250 కోట్ల ఏళ్ళ క్రితం కిలోమీటర్ల లోతున మాగ్మా నెమ్మదిగా గడ్డకట్టి గ్రానైట్ అయింది. పైనున్న బరువంతా వానలకు కొట్టుకుపోయాక ఆ రాయి వెలుగు చూసింది, పగుళ్ళ వెంట అరిగి గుండ్రాళ్ళయింది. గోల్కొండ కోట నిలబడింది దాని మీదే. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో ఇంకో రకం మాగ్మా గడ్డకట్టింది. నల్లని ఆ రాతిలో బ్రాంజైట్ అనే ఖనిజపు రేకలు నక్షత్రాల్లా మెరుస్తాయి. గెలాక్సీ గ్రానైట్ పేరుతో అది దేశదేశాల వంటగదుల్లోకి పోయింది.

గ్రానైట్ నిలువునా పగిలిన చోట కింది మాగ్మా ఆ పగుల్లోకి ఎక్కి గడ్డకట్టింది. వీటిని డైక్‌లు అంటారు. తెలంగాణ పల్లెల్లో చేల మధ్యనుంచి నల్లరాళ్ళ వరుస ఒకటి మైళ్ళకొద్దీ బారుగా సాగిపోతూ ఉంటే అది డైక్ అయ్యే అవకాశం ఎక్కువ. చుట్టూ గ్రానైట్ అరిగినా డైక్‌లోని డోలరైట్ అనే ఈ నల్లరాయి నిలబడింది. కంటికి కనిపించే గుట్ట వరుసకంటే దాని కింద నేలలోకి దిగిన గోడ ముఖ్యం. భూగర్భజలం పారే దారికి అది అడ్డు నిలుస్తుంది. ఎగువ వైపు బావిలో నీళ్ళుండి, ఇవతల వైపు బోరు ఎండిపోవడానికి ఒక్కోసారి అదే కారణం. బోరు పాయింటు పెట్టించుకునే రైతు ముందుగా ఆ నల్లరాళ్ళ వరుస ఎటు పోతోందో చూసుకోవాలి. ఈ రాతినే కాకతీయుల శిల్పులు ఏరి తెచ్చారు. రామప్ప గుడిలో అద్దంలా నునుపు దేలిన నల్లని స్తంభాలు డోలరైటే. ఉలికి అంత సన్నని నగిషీ ఇవ్వాలంటే రాతిలో పలుకులు చాలా చిన్నవిగా ఉండాలి. సన్నని పగుల్లో త్వరగా చల్లారింది కాబట్టే ఆ రాతికి ఆ గుణం వచ్చింది.

కడప జిల్లాలో మాగ్మా ఇంకో దారి పట్టింది. పులివెందుల ప్రాంతంలో పొరలు పొరలుగా పేరుకున్న రాళ్ళ సందుల్లోకి అడ్డంగా చొరబడి, పై పొరలను ఎత్తి, అక్కడే గడ్డకట్టింది. అది దాదాపు 190 కోట్ల ఏళ్ళ నాటి సంగతి. ఇలా అడ్డంగా పరుచుకున్న వాటిని సిల్ అంటారు. ఆ వేడి డోలమైట్ రాతికి తగిలిన చోట రాతినార పుట్టింది. బ్రాహ్మణపల్లి గనులు తవ్వింది దానికోసమే. ఆ నార పీల్చినవారి ఊపిరితిత్తులు ఏమవుతాయో ప్రపంచానికి తెలిసేసరికి చాలా ఆలస్యమైంది. అదే కడప ప్రాంతపు రాళ్ళలో మంగంపేట ముగ్గురాయి ఉంది. దాని పుట్టుకకు అగ్నిపర్వత చర్యతో సంబంధం ఉందని గుర్తించి భారత భూగర్భ సర్వే సంస్థ దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. చమురు బావులు తవ్వేటప్పుడు బరువుకోసం బురదలో కలిపేది ఆ ముగ్గురాతి పొడినే.

అన్నిటికంటే లోతునుంచి వచ్చింది అనంతపురం జిల్లా వజ్రకరూరులో ఉంది. వజ్రం పుట్టాలంటే 150 కిలోమీటర్లకు మించిన లోతు కావాలి. అంత లోతునుంచి నెమ్మదిగా పైకి వస్తే అది దారిలోనే గ్రాఫైట్‌గా మారిపోతుంది. సుమారు 110 కోట్ల ఏళ్ళ క్రితం, వాయువులు నిండిన కింబర్లైట్ అనే మాగ్మా ఆ లోతునుంచి గంటల్లో, మహా అయితే రోజుల్లో పైకి తన్నుకొచ్చింది. దారిలో తగిలిన రాళ్ళనూ వజ్రాలనూ వెంటబెట్టుకుని వచ్చి నేలను బద్దలు కొట్టింది. పైన వెడల్పుగా, కిందికి పోనుపోను సన్నగా ఉండే గొట్టాలు మిగిలాయి. పేలినప్పుడు పైన ఏదైనా గుట్ట లేచిందేమో, అది ఎప్పుడో అరిగి మాయమైంది. కింబర్లైట్ మెత్తని రాయి, నీరు తగిలితే మట్టి అవుతుంది. అందుకని అక్కడ కొండకు బదులు మామూలు చేను కనిపిస్తుంది.

ఏటా తొలకరి పడగానే వజ్రకరూరు, తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తలలు వంచుకుని నడుస్తారు. కడిగిన నేల మీద మెరిసే రాయి కోసం ఊళ్ళు దాటి వచ్చి, చెట్లకింద వండుకు తింటూ వెతుకుతారు. భూగర్భ సర్వేవాళ్ళు వెతికే తీరు వేరు. వాళ్ళు మొదట వజ్రాన్ని వెతకరు. వాగు ఇసుకను జల్లించి, కింబర్లైట్‌తోపాటు వచ్చే ఎర్రని గార్నెట్, నల్లని ఇల్మెనైట్ పలుకులను ఏరుతారు. అవి ఎక్కువయ్యే దిక్కుగా వాగుకు ఎదురు నడుస్తారు. పలుకులు ఒక్కసారిగా ఆగిపోయిన చోట అయస్కాంత కొలతలు తీసుకుని, అక్కడ బోరు వేస్తారు.